తిరుపతిలో ఉంటున్నారా? మీ ఓటు ఏ నియోజకవర్గంలో ఉందో ముందు చూసుకోండి

2019లో తిరుపతి అసెంబ్లీ సీటు 708 ఓట్ల తేడాతో తేలింది. నగరం మొత్తం ఓట్లలో అదెంత? ఓ పెద్ద కాలనీలో రెండు మూడు వీధుల వాళ్లు బయటికొస్తే అంతమంది ఉంటారు. అంతకుముందు 2014లో నగరిలో తేడా 858. మన వైపు సీట్లు ఇంత దగ్గరగా తేలుతుంటే, పోలింగ్ రోజు మాత్రం ప్రతిసారీ బూత్ బయట ఓటర్ కార్డు చేత్తో పట్టుకుని "నా పేరు లేదంటున్నారు సార్, పోయినసారి ఇక్కడే వేశాను" అని ఆ టేబుల్ దగ్గరికీ ఈ టేబుల్ దగ్గరికీ తిరిగేవాళ్లు కనబడతారు. వాళ్ల ఓటు గల్లంతైంది ఆ పొద్దు కాదు, అంతకు నెలల ముందే. జాబితాలోంచి పేరు పోయినప్పుడే పోయింది, చూసుకోలేదు అంతే. కార్డు ఇంట్లో భద్రంగా ఉంటే ఓటు ఉన్నట్టే అనుకుంటారు చాలామంది. ఓటు ఉండేది జాబితాలో. కార్డు మీరెవరో చెప్పడానికే. మళ్లీ అసెంబ్లీ ఎన్నికలు మామూలుగా అయితే 2029లో వస్తాయి కాబట్టి తీరిగ్గా చేసుకోవడానికి ఇదే టైం. నోటిఫికేషన్ వచ్చాక అందరూ ఒకేసారి ఎగబడతారు.

ముందు మీ నియోజకవర్గం ఏదో తెలుసుకోండి

వింతగా ఉంటుంది గానీ, తిరుపతిలో ఇల్లున్న చాలామందికి ఇది సరిగా తెలియదు. చిరునామాలో తిరుపతి అని ఉంటుంది, పిల్లల స్కూలు తిరుపతిలోనే, కరెంటు బిల్లు మీదా తిరుపతే, ఓటు మాత్రం చంద్రగిరిలో ఉంటుంది. తిరుచానూరు, అవిలాల, తుమ్మలగుంట, పేరూరు లాంటివి తిరుపతి రూరల్ మండలంలోవి, ఆ మండలం చంద్రగిరి అసెంబ్లీ కిందికి వస్తుంది. పద్మావతి అమ్మవారి గుడి పక్కనే ఇల్లున్నా మీరు ఎన్నుకునేది చంద్రగిరి ఎమ్మెల్యేనే. కొండ మీద తిరుమల బాలాజీనగర్‌లో ఉండేవాళ్లు మాత్రం తిరుపతి ఓటర్లు. అద్దె ఇల్లు మారి, నగరం లోపలినుంచి రెండు కిలోమీటర్లు అవతలికి వెళ్లినా నియోజకవర్గమే మారిపోయి ఉండొచ్చు.

ఎంపీ ఓటు దగ్గర ఇంకో మెలిక ఉంది. చంద్రగిరి అసెంబ్లీ తిరుపతి జిల్లాలో ఉంది, కానీ లోక్‌సభకు చిత్తూరు కిందికి వెళ్తుంది. నెల్లూరు జిల్లాలో ఉన్న సర్వేపల్లి వాళ్లేమో తిరుపతి ఎంపీని ఎన్నుకుంటారు. దీనికి కారణం చెప్తాను. నియోజకవర్గాల సరిహద్దులు 2008 పునర్విభజనలో గీసినవి, 2009 ఎన్నికల నుంచి అవే నడుస్తున్నాయి. జిల్లాలు మాత్రం 2022 ఏప్రిల్ 4న మారాయి, పాత చిత్తూరు, నెల్లూరు జిల్లాల ముక్కలతో తిరుపతి జిల్లా వచ్చింది. జిల్లా మారినంత మాత్రాన ఓటు ఎక్కడికీ పోదు. కలెక్టరేట్ మారింది, నియోజకవర్గం అదే.

రాష్ట్రం మొత్తం 175 అసెంబ్లీ సీట్లలో ఉమ్మడి చిత్తూరు జిల్లావి 14. తంబళ్లపల్లె 162 నుంచి మొదలై చివరి నంబరు 175 కుప్పంతో అయిపోతుంది. చంద్రగిరి 166, తిరుపతి 167, శ్రీకాళహస్తి 168, చిత్తూరు 172. మీ కార్డు మీదో జాబితాలోనో ఈ నంబరు చూస్తే చాలు, ఎక్కడున్నారో అర్థమైపోతుంది. సత్యవేడు, గంగాధర నెల్లూరు, పూతలపట్టు ఎస్సీ రిజర్వుడు, తిరుపతి, చిత్తూరు లోక్‌సభ సీట్లు కూడా అంతే. రిజర్వేషన్ అనేది పోటీ చేసేవాళ్లకు, ఓటు అందరిదీ. ఈ సంగతి అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి చెప్తున్నా.

జాబితాలో పేరు వెతకడం

ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లో కార్డు నంబరు కొడితే పేరు, నియోజకవర్గం, భాగం సంఖ్య (మీ బూత్ జాబితా నంబరు), క్రమ సంఖ్య, పోలింగ్ కేంద్రం అన్నీ వస్తాయి. ఫోను వాడటం రాని పెద్దవాళ్లుంటే 1950కి ఫోన్ చేసి అడగొచ్చు, లేదా మీ బూత్ జాబితా చూసుకునే బీఎల్ఓని (బూత్ లెవెల్ ఆఫీసర్) పట్టుకోండి. మన దగ్గర చాలా చోట్ల సచివాలయం సిబ్బందే బీఎల్ఓలు, కాబట్టి సచివాలయానికి వెళ్తే మీ భాగానికి ఎవరో చెప్తారు. ఆ బీఎల్ఓ నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోండి, మీకు ఎమ్మెల్యే నంబరు కంటే ఈ నంబరుతోనే పని ఎక్కువ పడుతుంది.

పేరుందని చూసి పోర్టల్ మూసేయకండి. భాగం తాలూకు జాబితా పీడీఎఫ్ దించుకుని మీ ఇంటి నంబరు దగ్గర కాసేపు ఆగండి. ఒక్కో పేజీలో చిన్న చిన్న గడులు, ఒక్కో గడిలో పేరు, కింద తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు. మీ ఇంటి నంబరు మీద మీకు తెలియని పేర్లు నాలుగు ఉన్నాయనుకోండి, అవి పాత అద్దెవాళ్లవి కావచ్చు, ఇంకేమైనా కావచ్చు, బీఎల్ఓకి చెప్పండి. ఇంట్లో ఒకరు ఒక భాగంలో, ఇంకొకరు వేరే భాగంలో పడటం మామూలే, పోలింగ్ రోజు భార్య ఒక స్కూల్లో భర్త ఇంకో స్కూల్లో క్యూ కట్టాలి. చనిపోయిన పెద్దాయన పేరు అలాగే ఉంటే దాన్ని తీసేయించండి, ఫారం 7 ఇస్తే సరిపోతుంది. మనసొప్పకపోయినా ఇది చేయాల్సిన పనే, ఎందుకంటే దొంగ ఓటు వేసేవాడికి అలాంటి పేర్లే కావాలి. 2021 ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నికలో దొంగ ఓట్ల గొడవ దేశమంతా చూసింది, ఆ వ్యవహారంలో ఎన్నికల సంఘం తర్వాత అధికారులను సస్పెండ్ చేసింది కూడా.

అదే ఫారం 7ను బతికున్నవాళ్ల మీద వేసే ప్రమాదమూ ఉంది. 2019 ఎన్నికలకు ముందు రాష్ట్రంలో పెద్ద ఎత్తున ఫారం 7లు పడి గొడవైంది. మీ పేరు మీద ఎవరైనా అభ్యంతరం పెడితే మీకు నోటీసు ఇచ్చి, విచారించాకే తీయాలి. నోటీసు వస్తే పక్కన పడేయకుండా, చెప్పిన రోజుకి ఆధార్, కరెంటు బిల్లు పట్టుకుని వెళ్లండి.

ఏ ఫారం దేనికి

కొత్తగా ఓటు కావాలంటే ఫారం 6. విదేశాల్లో ఉండి మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు 6ఏ, వాళ్లు పేరు నమోదు చేసుకున్నా ఓటేయడానికి మాత్రం ఊరికి రావాల్సిందే. ఇల్లు మారడం, పేరు తప్పు, ఫొటో మార్పు, కార్డు పోవడం, వైకల్యం ఉన్నట్టు నమోదు చేయించుకోవడం, ఇవన్నీ ఫారం 8. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు: మదనపల్లె నుంచి తిరుపతికి మారినవాళ్లు కొత్త ఓటనుకుని ఫారం 6 పెడతారు, పాతది అలాగే ఉంటుంది, రెండు చోట్ల పేరు పడుతుంది. రెండు చోట్ల ఓటు ఉంచుకోవడం చట్టానికి విరుద్ధం, తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు కూడా ఉంది. నియోజకవర్గం మారినా ఫారం 8తోనే మార్చుకోండి. పెళ్లయి అత్తగారింటికి వచ్చిన అమ్మాయిలకు కూడా ఇదే ఫారం. పుట్టింటి ఊళ్లో ఓటు అలాగే వదిలేస్తే నాలుగేళ్ల తర్వాత అక్కడ "ఇక్కడ ఉండటం లేదు" అని తీసేస్తారు, ఇక్కడ చేర్పించుకోలేదు, ఆ ఎన్నిక అట్లే పోతుంది.

వయసు సంగతి. 18 నిండాలి, కానీ లెక్క చూసే తేదీలు ఇప్పుడు ఏడాదికి నాలుగు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. 17 నిండిన పిల్లలు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు, 18 నిండాక వచ్చే తేదీకి పేరు చేరుతుంది. ఇంటర్ చదివే పిల్లలతో ఇంట్లోనే కూర్చోబెట్టి పెట్టించండి, వాళ్లే వదిలేస్తే ఎప్పటికీ చేయరు. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ హాస్టళ్లలో ఉండే విద్యార్థులు సొంతూళ్లో గానీ హాస్టల్ చిరునామాలో గానీ, ఏదో ఒక్క చోట పెట్టుకోవచ్చు. హాస్టల్ అయితే కాలేజీ నుంచి బోనఫైడ్ తీసుకోవాలి. పోలింగ్ రోజు ఊరికి వెళ్లగలరా అన్నది నిజాయతీగా ఆలోచించి తేల్చుకోండి.

చిరునామాకు ఆధార్, కరెంటు బిల్లు, గ్యాస్ బిల్లు, బ్యాంకు పాస్‌బుక్, పట్టాదారు పాస్‌బుక్ లాంటివి చెల్లుతాయి. అద్దెకుండేవాళ్ల దగ్గర ఇవేవీ లేకపోతే "మీకు ఓటు రాదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. కాగితం లేనప్పుడు బీఎల్ఓ ఇంటికొచ్చి చూసి నిర్ధారించాలి, ఫారంలోనే ఆ వీలుంది. ఫారం పెట్టాక వచ్చే రిఫరెన్స్ నంబరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పది పదిహేను రోజులకొకసారి స్టేటస్ చూడండి. కదలకుండా ఉంటే బీఎల్ఓకి ఫోను, అప్పటికీ కదలకపోతే నియోజకవర్గం ఓటర్ల నమోదు అధికారి (ఈఆర్ఓ) ఆఫీసు.

జాబితా ఏటా సవరిస్తారు, మామూలుగా ఏడాది చివర్లో ముసాయిదా, జనవరిలో తుది జాబితా. మిగతా రోజుల్లోనూ ఫారాలు తీసుకుంటారు. కానీ నామినేషన్ల ఆఖరు తేదీ దాటాక జాబితా మారదు, దానికి ముందు మీ ఫారం పరిశీలనకు కనీసం వారం పైనే కావాలి. ఆఖరి నిమిషంలో ఎమ్మెల్యే అభ్యర్థి చెప్పినా చేర్చలేరు.

బెంగళూరు, చెన్నైలో పనిచేసేవాళ్లకు

మన చిత్తూరు, పలమనేరు, కుప్పం పల్లెల్లో సగం ఇళ్ల కుర్రాళ్లు బెంగళూరులోనే ఉంటారు, సత్యవేడు, నగరి వైపు వాళ్లకు చెన్నై. సర్వేకి బీఎల్ఓ వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉంటే మీ పేరు "లేరు, మారారు, చనిపోయారు" అనే జాబితాలోకి ఎక్కొచ్చు. ఆ జాబితాలో ఉన్నా ఓటర్ల జాబితాలో పేరుంటే ఓటు వేయొచ్చు, కాకపోతే గుర్తింపు గట్టిగా చూస్తారు, సంతకంతో పాటు వేలిముద్ర కూడా అడుగుతారు, గాబరా పడకండి. ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పి ఉంచండి, బీఎల్ఓ వస్తే "వాడు ఇక్కడ లేడు" అని ఊరుకోకుండా "పనికి వెళ్లాడు, ఇల్లు ఇదే" అని పూర్తిగా చెప్పమనండి. ఒక్క మాట తేడాతో పేరు ఎగిరిపోతుంది. అయితే కుటుంబంతో సహా అక్కడే స్థిరపడి, పండక్కి మాత్రమే వచ్చేవాళ్లయితే ఓటు అక్కడికే మార్చుకోవడం సరైన పని. కుప్పం సరిహద్దు పల్లెల్లో ఇటు ఒకటి, అటు తమిళనాడులోనో కర్ణాటకలోనో ఒకటి ఉంచుకునే అలవాటును నేను సమర్థించను. ఇంకొకరి దొంగ ఓటును తిట్టే హక్కు అప్పుడు మనకుండదు.

పోలింగ్ రోజు సెలవు అడగడానికి మొహమాటం వద్దు. ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ ప్రకారం ఓటున్న ఉద్యోగికి ఆ రోజు జీతంతో సెలవు ఇవ్వాలి, ప్రైవేటు కంపెనీకీ ఇది వర్తిస్తుంది. బస్సు టికెట్లు మాత్రం తేదీ ప్రకటించిన రోజే చూసుకోండి.

పోలింగ్ రోజు

2024 మే 13న మన దగ్గర ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా పోలింగ్ జరిగింది, ఎండాకాలం ఎన్నికలంటే పొద్దున్నే వెళ్లడం మేలు. మంచినీళ్ల బాటిల్ పట్టుకెళ్లండి. సాయంత్రం 6 లోపు క్యూలో నిలబడితే చాలు, టైం అయిపోగానే చివర నిలబడ్డవాళ్ల నుంచి ముందుకు స్లిప్పులు పంచుకుంటూ వస్తారు, స్లిప్పు ఉన్న ప్రతి ఒక్కరూ ఓటేసేదాకా పోలింగ్ నడవాలి. "టైం అయిపోయింది, వెళ్లిపోండి" అని ఎవరన్నా కదలొద్దు.

బీఎల్ఓ ఇచ్చే ఓటరు స్లిప్పు గుర్తింపు పత్రం కాదు, క్రమ సంఖ్య వెతకడానికి మాత్రమే. ఓటర్ కార్డు లేకపోతే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న పింఛను పత్రం, ఇలాంటివి ఏదో ఒకటి ఒరిజినల్ ఉండాలి. కార్డు పాత నియోజకవర్గంలో ఇచ్చినదైనా పర్లేదు, ఆ బూత్ జాబితాలో పేరుండాలి అంతే. పేరులో చిన్న అక్షర దోషం ఉన్నా మనిషి మీరేనని తెలుస్తుంటే ఆపకూడదు. బూత్ లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు.

లోపల మొదటి అధికారి మీ పేరు గట్టిగా చదువుతారు, అభ్యర్థుల ఏజెంట్లు తమ జాబితాలో టిక్కు పెట్టుకుంటారు. రెండో ఆయన ఎడమ చూపుడు వేలికి గోరు మీదనుంచి కిందికి సిరా గీత గీసి, రిజిస్టర్‌లో సంతకం తీసుకుని చీటీ ఇస్తారు. మూడో ఆయన చీటీ తీసుకుని కంట్రోల్ యూనిట్ మీద బటన్ నొక్కితేనే మీ దగ్గరున్న బ్యాలెట్ యూనిట్‌లో పచ్చ లైటు వెలుగుతుంది. ఆ పచ్చ లైటు చూడకుండా నొక్కితే ఓటు పడదు. అసెంబ్లీకి, పార్లమెంటుకి కలిపి ఎన్నికలైతే రెండు యంత్రాలుంటాయి, తెల్ల కాగితం ఉన్నది ఎంపీకి, గులాబీ రంగుది ఎమ్మెల్యేకి. ఒకటి వేసేసి ఇంటికొచ్చేవాళ్లుంటారు, ముసలివాళ్లకు ముందే చెప్పి పంపండి.

గుర్తు పక్కన నీలం బటన్ నొక్కగానే ఎర్ర లైటు వెలుగుతుంది, పక్కనే ఉన్న వీవీప్యాట్ అద్దంలోకి చూడండి. లోపల బుల్లి కాగితం మీద మీరు నొక్కిన అభ్యర్థి క్రమ సంఖ్య, పేరు, గుర్తు ఏడు సెకన్లు కనబడి, తెగి డబ్బాలోకి పడుతుంది. పొడుగ్గా బీప్ వస్తుంది. ఆ బీప్ వినేదాకా అక్కడే ఉండండి. చాలామంది బటన్ నొక్కి తలొంచుకుని వచ్చేస్తారు, ఆ ఏడు సెకన్లు మీవి, పూర్తిగా చూడండి. ఎవరూ నచ్చకపోతే అన్నిటికంటే కింద నోటా ఉంటుంది.

ఏదైనా తేడా వస్తే

మీ పేరు మీద అప్పటికే ఎవరో ఓటేసి వెళ్లిపోయారనుకోండి. ఆవేశపడి అరిచి వచ్చేయొద్దు, ఇక్కడే ఎక్కువమంది ఓడిపోతారు. బూత్‌కి పెద్ద అయిన ప్రిసైడింగ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లి "నాకు టెండర్ ఓటు ఇవ్వండి" అని అడగండి. ఆయన అడిగే ప్రశ్నలకు సమాధానం చెప్పి మీరే అసలు ఓటరని తేలితే కాగితం బ్యాలెట్ ఇస్తారు, దాన్ని యంత్రంలో కాకుండా కవర్లో పెట్టి సీలు చేస్తారు. మామూలు లెక్కింపులో అది కలవదు, కానీ తేడా తక్కువగా ఉండి కేసు కోర్టుకు వెళ్తే పనికొస్తుంది, మీ బూత్‌లో దొంగ ఓటు పడిందన్నదానికి రికార్డూ ఉంటుంది.

వీవీప్యాట్‌లో మీరు నొక్కిన గుర్తు కాకుండా వేరేది వచ్చిందంటే రాతపూర్వకంగా డిక్లరేషన్ ఇవ్వాలి, ఏజెంట్ల ముందు టెస్ట్ ఓటు వేయిస్తారు. నిజమైతే అక్కడ పోలింగ్ ఆపేస్తారు, అబద్ధమైతే శిక్ష ఉంది, కాబట్టి కళ్లారా చూసినప్పుడే చెప్పండి.

డబ్బు, మద్యం పంచడం, బెదిరించడం లాంటివి కనబడితే ఎన్నికల సంఘం సీ-విజిల్ యాప్‌లో ఫొటో గానీ వీడియో గానీ పెట్టండి, పేరు చెప్పకుండానే పెట్టొచ్చు. ఫిర్యాదులతో ఏమవుతుందిలే అనుకోవద్దు. 2019లో ఏప్రిల్ 11న పోలింగ్ అయిపోయాక కూడా చంద్రగిరి నియోజకవర్గంలో ఏడు బూత్‌లలో మే 19న మళ్లీ పోలింగ్ పెట్టారు, కొందరిని ఓటు వేయనివ్వలేదన్న ఫిర్యాదుల మీద.

ఇంట్లో 85 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లు ఉంటే ఇంటి దగ్గరే ఓటు వేయించొచ్చు. నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోపు ఫారం 12డి ఇవ్వాలి, బీఎల్ఓనే తెచ్చిస్తారు. ఒకసారి దానికి ఒప్పుకుంటే బూత్‌కి వెళ్లి వేయడం కుదరదు. చూపు లేనివాళ్లు, వైకల్యం వల్ల తామే బటన్ నొక్కలేనివాళ్లు బూత్‌కే వెళ్తామంటే 18 నిండిన తోడు మనిషిని లోపలికి తీసుకెళ్లొచ్చు, ఒక తోడు ఒక్కరికే.

చివరగా డిగ్రీ చేసినవాళ్లకు. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానం మనది, దాని జాబితా వేరు. మామూలు ఓటర్ల జాబితాలో పేరుంటే అందులో దానంతటదే రాదు, ప్రతి ఎన్నికకూ కొత్తగా ఫారం 18 పెట్టాలి, డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటి ఉండాలి. అక్కడ యంత్రం ఉండదు, కాగితం మీద 1, 2, 3 అని ప్రాధాన్యం రాయాలి, 1 ఎవరికీ ఇవ్వకపోతే ఓటు చెల్లదు. జేబులో సొంత పెన్ను ఉన్నా తీయకండి, వాళ్లిచ్చిన స్కెచ్ పెన్నుతోనే రాయాలి.